బేగంపేటలో హుసేన్ ఖాన్, నోబెల్ అందుకున్న డాక్టరు: రొనాల్డ్ రాస్ జీవితం

ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ తేదీ వచ్చింది మన సికింద్రాబాద్ నుంచే. 1897లో ఆ రోజున బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే పటాలం డాక్టరు ఒక దోమ పొట్టను చీల్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. మలేరియా క్రిమి అందులో పెరుగుతోందని అప్పుడు తెలిసింది. ఐదేళ్లకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లల పాఠాల్లో కథ ఇంతవరకే ఉంటుంది.

ఆ దోమ తాగిన రక్తం ఎవరిదో మాత్రం చాలామందికి తెలీదు. ఆయన పేరు హుసేన్ ఖాన్. మలేరియా జ్వరంతో రాస్ దగ్గరికి వచ్చిన రోగి. దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నందుకు ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. పదహారు అణాలు ఒక రూపాయి అయ్యే రోజులవి.

రాస్ జీవితాన్ని దోమ దగ్గరే ఆపేస్తే సగమే చెప్పినట్టు. మిగతా సగం జనం మధ్యన జరిగింది. ఒక ఊళ్లో జబ్బు ఎంత ఉందో ఎట్లా లెక్కపెట్టాలి, మందో పనో మొదలుపెట్టాక అది నిజంగా తగ్గిందా లేదా ఎట్లా తెలుసుకోవాలి, జనం నమ్మకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలతో ఆయన ముప్పై ఏళ్లకు పైగా కుస్తీ పట్టారు. ఈరోజు తలుపులలోనో, కదిరిలోనో, ధర్మవరం మగ్గాల వీధుల్లోనో ఆశా కార్యకర్త వచ్చి జ్వరాల లెక్క రాసుకుంటుందంటే, ఆ పనికి మూలాలు వెతికితే రాస్ పేరు తప్పకుండా తగులుతుంది.

అల్మోరాలో పుట్టిన పిల్లాడు

రాస్ పుట్టింది మన దేశంలోనే. 1857 మే 13న, హిమాలయాల అంచున ఉన్న అల్మోరాలో. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ అయ్యారు. పది మంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపించేశారు.

ఆయనకు డాక్టరు కావాలని ఏమాత్రం లేదు. బొమ్మలు వేయడం, సంగీతం, కవిత్వం, లెక్కలు, వీటి మీదే మనసు. తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్యం చదివారు. పెద్ద తెలివైన విద్యార్థి అనిపించుకోలేదు. ఒక పరీక్ష తప్పారు కూడా. కొన్నాళ్లు ఓడల మీద డాక్టరుగా పనిచేసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వైపు వచ్చారు.

తండ్రి బలవంతం మీద చదివిన వైద్యం, తాను ఇష్టపడి నేర్చుకున్న లెక్కలు. ఈ రెండూ కలిసి ఏం చేశాయన్నదే ఆయన కథ.

బెంగళూరు బంగళాలో నీళ్ల తొట్టి

కదిరి, హిందూపురం వాళ్లకు బెంగళూరు పక్కింటి లాంటిది. కూలికి పోయినా, పెద్ద దవాఖానాకు పోయినా అక్కడికే. 1883లో రాస్ ఆ బెంగళూరులోనే ఉన్నారు. ఆయన బంగళాలో దోమలు విపరీతం. కిటికీ బయట పెట్టిన నీళ్ల తొట్టిలోకి తొంగి చూస్తే, అందులో తోకలాడించే పురుగులు కనిపించాయి. తొట్టి బోర్లించారు. దోమలు తగ్గిపోయాయి.

ఈ సంగతి పై అధికారికి చెప్పి, మెస్ దగ్గరున్న తొట్లు, కూజాలు కూడా ఖాళీ చేయిద్దామన్నారు. ఆ అధికారి ఒప్పుకోలేదు. దోమలున్నాయంటే అవి ఉండాల్సిందే, దేవుడి సృష్టిలో చేయి పెట్టకూడదన్నట్టు మాట్లాడారు. దోమకూ మలేరియాకూ సంబంధం ఉందని అప్పటికి రాస్‌కు కూడా తెలీదు. కానీ ఒక చిన్న పని చేసి, ముందెట్లా ఉంది, తర్వాత ఎట్లా ఉంది అని పోల్చి చూసే అలవాటు అక్కడ మొదలైంది.

ఆ తర్వాత బర్మా, అండమాన్ తిరిగారు. 1888లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశారు. అప్పట్లో అది కొత్త చదువు. 1889లో రోసా బ్లాక్సమ్‌ను పెళ్లి చేసుకుని తిరిగి వచ్చారు.

లచ్మన్ తాగిన నీళ్లు

మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవి ఉంటుందని 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి డాక్టరు లావెరాన్ కనిపెట్టారు. అది ఒకరి నుంచి మరొకరికి ఎట్లా పోతుందన్నది మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. చెడు గాలి వల్లనే అని చాలామంది నమ్మకం. మలేరియా అన్న పేరుకు అర్థమే చెడు గాలి.

1894లో లండన్‌లో ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే పెద్ద డాక్టరును రాస్ కలిశారు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో ఉండగా గమనించింది ఈ మ్యాన్సనే. మలేరియా కూడా దోమతోనే ముడిపడి ఉండవచ్చని ఆయన ఊహ. అయితే ఆయన అనుకున్న దారి వేరు. రోగి రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుంది అని.

1895లో రాస్ సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చి ఈ ఊహను పరీక్షించడం మొదలుపెట్టారు. అబ్దుల్ ఖాదిర్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించారు. అట్లాంటి దోమలు చచ్చిన నీళ్లను లచ్మన్ అనే యువకుడు డబ్బు తీసుకొని, తెలిసే తాగాడు. కొన్ని రోజులకు అతనికి కొద్దిగా జ్వరం వచ్చింది.

వేరే ఎవరైనా అయితే ఇక దొరికిపోయిందని చాటింపు వేసేవాళ్లేమో. రాస్ ఆగారు. అదే నీళ్ల పరీక్ష మరికొందరి మీద చేశారు. ఎక్కువమందికి ఏమీ కాలేదు. ఒక్క మనిషికి జ్వరం వచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదని, ఊహ తప్పు కావచ్చని అనుమానం మొదలైంది.

ఈ పరీక్షలు ఈరోజు జరిగితే నేరం కిందికి వస్తాయి. మనిషి మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. పాల్గొనే మనిషికి తన భాషలో అంతా వివరించి, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయాలి. డబ్బు ఆశ చూపి ప్రమాదంలోకి దించకూడదు. లచ్మన్, అబ్దుల్ ఖాదిర్ లాంటివాళ్లకు ఆ రక్షణ లేదు. పాలకుడు తెల్లదొర, రోగి పేదవాడు. ఆ తేడాను పక్కన పెట్టి ఈ కథ చెప్పుకోవడం న్యాయం కాదు.

ఆగస్టులో ఐదు రోజులు

మధ్యలో కలరా వచ్చిందని రాస్‌ను బెంగళూరు పంపించారు. బావులు, మురికి కాలువలు, వీధుల శుభ్రత, ఇదీ అక్కడి పని. 1897లో ఊటీకి సెలవు మీద పోయి, దగ్గర్లోని సీగూరు కనుమ ప్రాంతంలో తిరిగి తానే మలేరియా తెచ్చుకున్నారు. జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరారు.

ఆ ఎండాకాలం చివర్లో ఆయన పని చూస్తే జాలేస్తుంది. చిన్న గదిలో, ఉక్కలో కూర్చొని దోమ తర్వాత దోమను చీల్చి చూడటం. పంకా వేస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నారు. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఉన్న చివరి కంటి అద్దం కూడా పగిలింది. వందల దోమలు చూశారు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే అన్నాళ్లూ ఆయన చూస్తున్నది మలేరియాను మోయని జాతుల దోమలను.

ఆగస్టు మధ్యలో సహాయకులు ఒక కొత్త రకం లార్వాలు తెచ్చారు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు వచ్చాయి. ఇప్పుడు మనం అనాఫిలిస్ అనే జాతి ఇదే. ఆగస్టు 16న వాటిని దోమతెరలో పడుకున్న హుసేన్ ఖాన్ మీద వదిలారు. రక్తం తాగిన దోమలను సీసాల్లో దాచి, రోజుకు కొన్ని చొప్పున చీల్చి చూశారు. కొన్ని ముందే చచ్చిపోయాయి.

20వ తేదీన చూసిన దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఆ నలుపు మలేరియా క్రిమికే ఉండే గుర్తు. మరుసటి రోజు మిగిలిన దోమను చీల్చారు. అవే కణాలు, నిన్నటికంటే పెద్దవి. అంటే అక్కడ ఏదో పెరుగుతోంది. అంతకు ముందు చూసిన వందల దోమల్లో ఇట్లాంటిది ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక మాట. రెండేళ్లు దొరకని దోమలన్నీ వృథా అనిపిస్తాయి. కానీ అవి లేకపోతే ఈ రెండు దోమలకు విలువే ఉండేది కాదు. ఉన్నచోట ఉంది అని చెప్పాలంటే, లేనిచోట లేదని కూడా చూపించగలగాలి. క్షేత్ర పరిశోధనకు ఇదే మొదటి సూత్రం.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. సెప్టెంబరులోనే ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా లేదు, పరిశోధన లేదు.

కలకత్తాలో జనం భయం, మహమ్మద్ బక్ష్ తోడు

మ్యాన్సన్ లండన్‌లో పట్టుబట్టి అడగ్గా అడగ్గా, 1898 మొదట్లో రాస్‌ను కలకత్తా ప్రయోగశాలకు పంపారు. మనుషుల్లో మిగతా పరిశోధన పూర్తి చేయాలని ఆయన ఆశ. ఒక్కరూ దొరకలేదు.

కారణం రాస్ కాదు, ప్లేగు. ఆ ఏడాది కలకత్తాలో ప్లేగు భయం, టీకా భయం రెండూ కలిసి ఊరిని కుదిపేశాయి. సర్కారు డాక్టరు సూది పట్టుకొని వస్తే ప్రాణం తీస్తాడని పుకార్లు. అల్లర్లు కూడా జరిగాయి. అప్పటికే బొంబాయి వైపు ప్లేగు పేరుతో సైనికులు ఇళ్లలో దూరి సోదాలు చేశారు. పరదాలో ఉన్న ఆడవాళ్లను పరీక్షించారు. మనుషులను బలవంతంగా క్యాంపులకు తరలించారు. ఆ తర్వాత వేలి మీద సూది గుచ్చి ఒక చుక్క రక్తం ఇవ్వమంటే ఎవరిస్తారు? డబ్బులు ఇస్తామన్నా జనం పారిపోయారు.

దీన్ని జనం మూర్ఖత్వం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ భయాన్ని పుట్టించింది అంతకు ముందు సర్కారు ప్రవర్తించిన తీరే. ఒక శాఖ పోగొట్టిన నమ్మకానికి ఇంకో శాఖ మూల్యం చెల్లించింది.

రాస్ దారి మార్చి పక్షుల మలేరియా పట్టుకున్నారు. పిచ్చుకలకు కూడా మలేరియా వస్తుంది, దాన్ని వేరే జాతి దోమలు మోస్తాయి. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచింది మహమ్మద్ బక్ష్. దోమలు పట్టడం, లార్వాలు పెంచడం, పంజరాలు చూసుకోవడం, రాత్రిళ్లు దోమలను పక్షుల మీద వదలడం, ఇవన్నీ ఆయన చేతి మీదుగా జరిగాయి. ఆయనతోపాటు చేరిన ఇంకో సహాయకుడు మధ్యలో వెళ్లిపోయినా మహమ్మద్ బక్ష్ నిలబడ్డారు.

అక్కడ చేసిన ఒక పరీక్ష చాలా తేటగా ఉంటుంది. మూడు పిచ్చుకలు తీసుకున్నారు. ఒకదాని రక్తంలో క్రిములు చాలా ఎక్కువ, రెండోదానిలో మధ్యస్థం, మూడోదానిలో అసలు లేవు. ఒక్కోదాని రక్తం తాగిన పది దోమలను చీల్చి, పొట్టలోని కణాలు లెక్కపెట్టారు. మొదటి పది దోమల్లో 1,009 కణాలు. రెండో పదిలో 292. మూడో పదిలో సున్నా. ఇక వాదించడానికి ఏముంది?

1898 జులైలో ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని చూశారు. అంటే జబ్బు నీళ్లలో కాదు, కాటులోనే పోతోంది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను ఆ దోమల చేత కుట్టిస్తే వాటికి మలేరియా వచ్చింది. లచ్మన్ తాగిన నీళ్ల సందేహం అప్పుడు తీరింది. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్లు మనిషి మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని నిరూపించారు. ఎవరు ముందు అన్న గొడవ రాస్‌కూ గ్రాసీకీ మధ్య చాలా ఏళ్లు సాగింది.

కనిపెట్టడం వేరు, ఊరిని కాపాడటం వేరు

1899లో రాస్ ఇండియా వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణదేశాల వైద్యశాలలో చేరారు. దోమ దొరికింది కాబట్టి మలేరియా పోయినట్టే అని ఆయన అనుకోలేదు. అదే ఏడాది పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు బయల్దేరారు. ఫ్రీటౌన్ వీధుల్లో తిరిగి ఏ గుంటలో, ఏ కాలువలో ఏ దోమ పుడుతోందో చూశారు. 1901లో మళ్లీ వెళ్లి దోమల దళాలు ఏర్పాటు చేశారు. కూలీలను పెట్టి పగిలిన కుండలు, డబ్బాలు బండ్లకెత్తించడం, గుంటలు పూడ్చడం, నిలిచిన నీళ్లలో నూనె పోయడం వాళ్ల పని.

1902లో సూయజ్ కాలువ కంపెనీ పిలిస్తే ఈజిప్టులోని ఇస్మాయిలియా వెళ్లారు. ఆ చిన్న పట్టణంలో ఏటా రెండు వేల దాకా మలేరియా కేసులు ఉండేవి. కంపెనీ దగ్గర ఏళ్ల తరబడి కేసుల రికార్డు ఉంది. గుంటలు పూడ్చి, కాలువలు బాగుచేసి, ఇంటింటికీ తిరిగి నీళ్లు చూసే ఏర్పాటు చేశారు. 1903 నాటికి కేసులు రెండు వందల చిల్లరకు దిగాయి. అంతకు ముందే, 1902 డిసెంబరులో రాస్ నోబెల్ అందుకున్నారు. వైద్యంలో ఆ బహుమతి ఇవ్వడం అప్పటికి రెండోసారే.

ఇస్మాయిలియా విజయాన్ని జనం నమ్మారంటే పాత రికార్డు ఉండబట్టే. ముందు ఎంత ఉందో రాసిపెట్టుకోకపోతే, తర్వాత ఎంత తగ్గిందో ఎవరు చెప్పగలరు?

దీనికి పూర్తి ఎదురు కథ లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంటులో జరిగింది. అక్కడ వేరే అధికారులు కొన్నేళ్లు దోమల నిర్మూలన చేసి, లాభం లేదని తేల్చారు. ఆ మాట పట్టుకొని ఇండియాలో ఈ పద్ధతి పనికిరాదని చాలామంది అన్నారు. 1909లో సిమ్లాలో జరిగిన మలేరియా సదస్సు దాకా ఈ తగువు నడిచింది. రాస్ అడిగింది ఒక్కటే. పని మొదలుపెట్టే ముందు అక్కడ దోమలెన్నో, జబ్బెంతో సరిగ్గా కొలిచారా? చిన్న ముక్క మాత్రమే శుభ్రం చేస్తే చుట్టుపక్కల నుంచి దోమలు ఎగిరి రావా? పద్ధతి ఓడిపోయిందా, పరీక్షే సరిగా జరగలేదా? ఈ మూడు ప్రశ్నలు ఈరోజు ఏ ఆరోగ్య పథకానికైనా పనికొస్తాయి.

పిల్లల పొట్ట మీద చేయి వేసి

1907 చివర్లో రాస్‌ను మారిషస్ పిలిపించారు. చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి వేలాది మందిని తీసుకుపోయిన దీవి అది. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లకు అక్కడ కోరింగీలు అని పేరు. 1860ల్లో ఆ దీవిలోకి మలేరియా చొరబడి వేలమందిని మింగేసింది. నలభై ఏళ్లయినా పోలేదు.

అందరి రక్తం తీసి మైక్రోస్కోపు కింద చూసే వీలు లేదు. అందుకే పాత, తేలికైన పద్ధతి ఒకటి వాడారు. మలేరియా పదే పదే వచ్చిన పిల్లలకు ఎడమ పక్క పక్కటెముకల కింద ప్లీహం ఉబ్బుతుంది. మన పెద్దవాళ్లు కడుపులో బల్ల పెరిగింది అనేవాళ్లే, అదే. డెంప్‌స్టర్ అనే డాక్టరు 1840ల్లోనే ఉత్తర భారతంలో కాలువల వెంట ఊళ్లలో ఇట్లా చేత్తో తడిమి జ్వరాల లెక్క తీశారు. రాస్ దాన్నే దీవి మొత్తానికి పెట్టారు. బళ్లలో, తోటల్లో ముప్పై వేలకు పైగా పిల్లలను పరీక్షించారు. మూడింట ఒక వంతు పిల్లలకు ప్లీహం ఉబ్బి ఉంది.

ఈ లెక్కలో ఉన్న తెలివి చూడండి. ఆసుపత్రికి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడితే, రాలేని పేదవాళ్లు లెక్కలోకే రారు. బడికి, తోటకు తామే వెళ్లి, జబ్బున్నా లేకపోయినా పిల్లలందరినీ చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఎంతమందికి ఉంది అనడం కాదు, ఎంతమందిలో ఎంతమందికి అని చెప్పాలి. ఏ తోట పిల్లల్లో ఎక్కువ, ఏ ఊళ్లో తక్కువ అని తెలిస్తే డబ్బు ఎక్కడ ముందు పెట్టాలో తెలుస్తుంది. ఈ లెక్క ఏటా తీయాలని, అప్పుడే పథకం పనిచేస్తోందో లేదో తెలుస్తుందని కూడా ఆయన నివేదికలో రాశారు.

మారిషస్ పని చేస్తూనే చిన్ననాటి లెక్కల పిచ్చిని మళ్లీ బయటికి తీశారు. ఒక రోగి నుంచి ఎన్ని దోమలకు, ఆ దోమల నుంచి ఎంతమంది కొత్తవాళ్లకు అని సమీకరణాలు రాశారు. తేలిందేమిటంటే, మలేరియా పోవాలంటే ఆఖరి దోమ దాకా చంపక్కర్లేదు. దోమల సంఖ్య ఒక హద్దు కిందికి తెస్తే, ఒక్కో రోగి నుంచి ఒకరి కన్నా తక్కువ మందికే జబ్బు పాకుతుంది. అప్పుడు అది మెల్లగా తనంతట తానే ఆరిపోతుంది. అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. ఈరోజు ఏ అంటువ్యాధినైనా లెక్కగట్టే శాస్త్రానికి ఇది పునాది. కరోనా రోజుల్లో ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతోందని వార్తల్లో విన్నామే, దాని వేళ్లు ఇక్కడున్నాయి. 1910లో ఈ పనినంతా ఆయన మలేరియా నివారణ మీద రాసిన పెద్ద పుస్తకంలో పెట్టారు.

చివరి ఏళ్లు

రాస్ మనిషి మెత్తన కాదు. తగువులు ఎక్కువ. గ్రాసీతోనే కాదు, తనకు దారి చూపిన మ్యాన్సన్‌తో కూడా కోర్టు దాకా వెళ్లారు. చేసిన పనికి తగ్గ డబ్బు సర్కారు ఇవ్వలేదని చివరిదాకా బాధపడ్డారు. 1911లో సర్ బిరుదు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే కొడుకు యుద్ధభూమిలో చనిపోయాడు. 1926లో లండన్‌లో ఆయన పేరు మీద రాస్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1927లో కలకత్తా వచ్చి తన పేరిట కట్టిన ద్వారం చూసుకున్నారు. 1928లో తన కాగితాలు, ఉత్తరాలు అమ్మకానికి పెట్టారు. 1931లో భార్య పోయారు. 1932 సెప్టెంబరు 16న, 75 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ కింద సర్ రొనాల్డ్ రాస్ పేరుతోనే పిలుస్తారు. హైదరాబాద్ వెళ్లినప్పుడు పిల్లలకు చార్మినార్‌తో పాటు ఆ భవనం కూడా చూపించాలి. హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పాలి.

లెక్క ఆపితే ఏమవుతుంది?

స్వతంత్రం వచ్చాక 1953లో దేశవ్యాప్తంగా మలేరియా అదుపు పథకం, 1958లో నిర్మూలన పథకం మొదలయ్యాయి. డీడీటీ కొట్టడంతో పాటు, ఇంటింటికీ తిరిగి జ్వరమున్నవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్క గాజు పలక మీద తీసే కార్యకర్తలను పెట్టారు. వెయ్యి మంది జనాభాకు ఏడాదిలో ఎన్ని కేసులు అన్న లెక్క, జనాభాలో ఎంత శాతం మందికి పరీక్ష చేశారన్న లెక్క, ఈ రెండూ పక్కపక్కనే చూడాలి. పరీక్షలే చేయకపోతే కేసులు తక్కువగానే కనిపిస్తాయి కదా!

1961 నాటికి దేశంలో కేసులు సుమారు 50 వేలకు పడిపోయాయి. అంతా అయిపోయిందనుకున్నారు. నిఘా సడలింది, మందుకు దోమ అలవాటు పడింది, డబ్బు తగ్గింది. 1976 వచ్చేసరికి కేసులు 64 లక్షలు దాటాయి. జబ్బు తగ్గాక కూడా లెక్క ఎందుకు ఆపకూడదో ఈ రెండు అంకెలే చెప్తాయి.

మన అనంతపురం సీమ కరువు నేల. ఇక్కడ దోమలు వానల్లోనే పుడతాయనుకుంటే పొరపాటు. నీళ్లు తక్కువైన ఊళ్లోనే జనం డ్రమ్ముల్లో, సిమెంటు తొట్లలో నీళ్లు రోజుల తరబడి దాచుకుంటారు. డెంగీ దోమకు కావాల్సింది అదే, నిలిచిన మంచినీళ్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి, రుద్ది కడిగి ఆరబెట్టమంటారు. మన రాష్ట్రంలో దానికి శుక్రవారం పెట్టి డ్రై డే అంటున్నారు. జుమా రోజు గుసుల్ చేసి మంచి బట్టలు వేసుకునే ఇంట్లో, నమాజుకు పోయే ముందు తొట్టి బోర్లించడం పెద్ద పనేమీ కాదు. మసీదులో వజూ హౌజ్ ఉంటే, దోమ పురుగులను తినే గంబూసియా చేపలు అందులో వేయొచ్చేమో కమిటీ పెద్దలు పీహెచ్‌సీలో అడగవచ్చు.

సర్వే అంటే మనవాళ్లలో కొందరికి ఈమధ్య ఒక బెదురు ఉంది. పేరెందుకు, ఇంట్లో ఎంతమంది అని ఎందుకు అడుగుతున్నారు అని. అడగడం తప్పు కాదు. ఇది ఏ సర్వే, ఎవరు చేస్తున్నారు, ఈ వివరాలు ఎక్కడికి పోతాయి అని అడగడం మన హక్కు. ఓపికగా జవాబు చెప్పడం వచ్చినవాళ్ల బాధ్యత. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడమనిషి రావడం, మన భాషలో చెప్పడం, తీసిన రక్తపరీక్ష ఫలితం మళ్లీ వచ్చి మనకు చెప్పడం, ఇవి కూడా మంచి పద్ధతిలో భాగమే. వట్టి మర్యాద కోసం చేసేవి కావు. అవి లేకపోతే ఏమవుతుందో 1898 కలకత్తా చూపించింది.

కానీ అది జ్వరాల సర్వే అని తెలిశాక దాచిపెడితే నష్టం మనకే. మన గల్లీలో ఆరుగురికి జ్వరం ఉంటే, ఇద్దరికే అని రాయిస్తే, మందు కొట్టే బండి పక్క వీధికి పోతుంది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్న జ్వరం కూడా ఆశా కార్యకర్త రిజిస్టరులో ఎక్కాలి. లెక్కలో లేని గల్లీకి పథకం రాదు.

హుసేన్ ఖాన్ ఇచ్చిన రక్తానికి అణా చొప్పున ముట్టింది. ఆ రక్తం తాగిన దోమ వల్ల లోకానికి జరిగిన మేలుకు వెల కట్టలేం. ఆయనా, అబ్దుల్ ఖాదిర్, లచ్మన్, మహమ్మద్ బక్ష్, వీళ్లకు బిరుదులు రాలేదు, ద్వారాలు కట్టలేదు. అల్లాహ్ వాళ్ల మేలును వృథా పోనివ్వడు. ఈ ఆగస్టు 20న బడిలో పిల్లలు రాస్ మీద వ్యాసం రాస్తే, ఈ నాలుగు పేర్లు కూడా అందులో ఉండేట్టు చూద్దాం.